స్మృతి – సాక్ష్యం – సత్యనిష్ఠ

శకుంతలా దుష్యంతుల కథ భారతీయ సాహిత్యంలో రెండు రూపాల్లో నిలిచి ఉంది. మహాభారతంలోని దుష్యంతునికి అంతా జ్ఞాపకమే. కణ్వాశ్రమంలో జరిగిన గాంధర్వ వివాహమూ, తాను ఇచ్చిన మాటా మనసులో మెదులుతూ ఉండగానే నిండుసభలో అతడు ఆమెను ఎరుగనంటాడు. ఆకాశవాణి పలికిన పిమ్మట తన వర్తనకు కారణం చెబుతాడు: కేవలం ఆమె మాట మీద బిడ్డను స్వీకరించి ఉంటే లోకం శంకించి ఉండేదని. ఆ కథను తెనిగించిన నన్నయ ఆదిపర్వంలోనూ రాజు చేత అబద్ధమాడించినది లోకాపవాదభయమే. కాళిదాసు ఈ కథను స్వీకరించి అందులో దుర్వాసుని శాపాన్ని ప్రవేశపెట్టాడు. నాటకంలోని దుష్యంతుడు అబద్ధమాడడు. అతడు నిజంగానే మరచిపోయాడు. ఎంత ఆలోచించినా ఆ వివాహం అతనికి స్ఫురించదు. పరస్త్రీని చేపట్టరాదన్న ధర్మబుద్ధితోనే ఆమెను నిరాకరిస్తాడు.

మొదటి దుష్యంతుని దోషమేమిటో చెప్పడం సులభం. అతనికి సత్యం తెలుసు, దానిని దాచాడు. రెండో దుష్యంతుని విషయంలో ధర్మశాస్త్రం తెలిసినవారు సైతం తడబడతారు. అతడు తనకు తెలిసినదే చెప్పాడు, చిత్తశుద్ధితో చెప్పాడు. అయినా అతడు చెప్పినది అసత్యం. దాని వల్ల ఒక నిరపరాధిని సభలో అవమానం పాలయింది. మనసా వాచా నిజాయితీగా పలికిన మాట అసత్యమైనప్పుడు, పలికినవాని బాధ్యత ఎంత? ఈ ప్రశ్న నాటకానికి పరిమితమైనది కాదు. న్యాయస్థానంలో ప్రమాణం చేసి నిలబడే సాక్షికీ, విచారణ జరిపే అధికారికీ, ఆత్మకథ రాసే పెద్దకూ, జరిగిపోయిన కల్లోలాన్ని తరువాతి తరానికి చెప్పే వృద్ధురాలికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. గత శతాబ్దంలో మనస్తత్వశాస్త్రం సాధించిన పరిజ్ఞానం దీనిని మరింత తీవ్రం చేసింది.

స్మృతి విషయంలో భారతీయ తార్కికులు మొదటి నుంచీ జాగ్రత్త వహించారు. ‘సాక్షి’ అనే మాటకు ప్రత్యక్షంగా చూసినవాడని అర్థం. చూడటం వేరు, చూసినదానిని తలచుకోవడం వేరు. పాఠశాలల్లో తర్కవిద్యకు తొలిమెట్టుగా తరతరాలు చదివిన ‘తర్కసంగ్రహం’లో అన్నంభట్టు జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించాడు. పూర్వానుభవం మనసులో మిగిల్చిన సంస్కారం వల్ల మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి. యథార్థమైన అనుభవానికే న్యాయదర్శనం ‘ప్రమ’ అనే గౌరవమిచ్చింది. ఆ పంక్తిలో స్మృతికి చోటివ్వలేదు. అంతేకాదు, స్మృతి యథార్థమైనదీ అయథార్థమైనదీ అని రెండు విధాలన్నాడు అన్నంభట్టు. మూలానుభవం దోషయుక్తమైతే దాని వెంట వచ్చే స్మృతి కూడా దోషయుక్తమే. ఆధునిక పరిశోధన దీనికి ఒక అడుగు ముందుకు వేసింది. అనుభవం నిర్దుష్టమైనప్పటికీ, ఆ తరువాత సంస్కారమే మారిపోవచ్చునని చూపింది.

స్మృతిని ప్రయోగశాలలోకి తెచ్చిన తొలి వ్యక్తి జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్. అర్థం లేని అక్షరసముదాయాలను తానే వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో తానే లెక్కగట్టి 1885లో ఫలితాలను ప్రకటించాడు. మరుపు మొదటి గంటలోనే అతివేగంగా సాగి, తరువాత మందగిస్తుందని ఆయన కనుగొన్నాడు. అయితే అర్థం లేని అక్షరాలు జీవితం కాదు. జీవితంలో మనిషి గుర్తుంచుకునేవి కథలు, ముఖాలు, మాటలు. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్ని చర్చించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదానిని ఆంగ్ల పాఠకుల చేత చదివించి, కొంత వ్యవధి తరువాత మళ్లీ చెప్పించాడు. వారు కథను కేవలం మరచిపోలేదు, తమకు అనువుగా మార్చుకున్నారు. అపరిచితమైన దోనె పరిచితమైన పడవ అయింది. తమ ఆలోచనకు అందని అలౌకికాంశాలు జారిపోయాయి. తెగిన చోట్ల కార్యకారణ సంబంధాలు కొత్తగా అతుక్కున్నాయి. చెప్పేవారెవరూ అబద్ధం చెబుతున్నామనుకోలేదు. స్మృతి అనేది భాండాగారంలో నుంచి వస్తువును తీసి ఇవ్వడం కాదనీ, మిగిలిన ఆనవాళ్లతో ప్రతిసారీ కట్టే కొత్త ఇల్లనీ బార్ట్‌లెట్ నిర్ణయించాడు.

ఆ ఇల్లు కట్టేటప్పుడు ఇతరుల చేతులు కూడా పడతాయి. ప్రశ్న అడిగేవాడి చెయ్యి వాటిలో మొదటిది. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రకటించిన ప్రయోగం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. కార్లు ఢీకొన్న దృశ్యాలను విద్యార్థులకు చూపి, వాటి వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదం మాత్రం మార్చారు. ‘ఒకదానికొకటి తగిలినప్పుడు’ అని అడిగితే సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అని అడిగితే 40.8 మైళ్లన్నారు. రెండో ప్రయోగంలో ఒక వారం ఆగి, పగిలిన అద్దం ఏమైనా చూశారా అని ప్రశ్నించారు. దృశ్యంలో పగిలిన అద్దమే లేదు. అయినా తీవ్రమైన క్రియాపదంతో ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు క్రియాపదంతో విన్న 50 మందిలో 7 గురు మాత్రమే అలా అన్నారు. అంటే ప్రశ్నించినవాని మాట ఒక వారంలో సాక్షి కన్నుగా మారిపోయింది.

కలత పెట్టిన ఘటనలు మనసులో శిలాక్షరాలుగా నిలిచిపోతాయని లోకం నమ్ముతుంది. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మరునాడు, ఆ వార్త తమకెలా తెలిసిందో రాయవలసిందిగా ఉల్రిక్ నైసర్ తన విశ్వవిద్యాలయ విద్యార్థులను కోరాడు. రెండున్నరేళ్ల తరువాత వారిలో 44 మందిని మళ్లీ అడిగాడు. పదకొండు మంది ప్రధానాంశాలన్నిటిలోనూ పొరపడ్డారు. ఏ పొరపాటూ లేనివారు ముగ్గురే. ఆశ్చర్యం ఏమిటంటే, పొరపడినవారిలో అనేకులు తమ జ్ఞాపకం పట్ల పూర్తి విశ్వాసంతో ఉన్నారు. తమ చేతిరాతను ముందుంచినా పాత స్మృతి తిరిగి మేల్కొనలేదు. నిశ్చయం సత్యానికి గుర్తు కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే దృష్టాంతం అరుదు.

ప్రశ్నించేవాడి చెయ్యి అలా ఉండగా, చుట్టూ ఉన్న పదిమంది చెయ్యి మరింత బలమైనది. ‘నలుగురితో పాటు నారాయణా’ అనడం తెలుగునాట లౌక్యానికి పరాకాష్ఠగా చలామణీ అవుతుంది. ఆ లౌక్యం ఎంత లోతుకు పోతుందో 1950లలో సాలమన్ యాష్ పరీక్షించాడు. ఒక గీతకు సమానమైన గీత మూడింటిలో ఏదో చెప్పడమే పని. పసిపిల్లవాడు కూడా పొరపడని పని. కాని గదిలోని మిగిలినవారందరూ ముందే నేర్పినవారు. వారు ఏకకంఠంతో తప్పు జవాబు చెబుతారు. ఆ ఒత్తిడిలో 123 మంది విద్యార్థులు ఇచ్చిన జవాబుల్లో సుమారు మూడోవంతు గుంపు చెప్పిన తప్పునే అనుసరించాయి. వారిలో కొందరు తమ కన్ను సరిగానే చూసిందని తెలిసీ గుంపుకు వెరచి మాట మార్చారు. వీరు మహాభారత దుష్యంతుని వంటివారు. మరికొందరు తమ చూపునే శంకించుకున్నారు. అయితే దాదాపు నాలుగోవంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదన్న విషయాన్ని విస్మరించరాదు. యాష్ ప్రయోగంలో మరొక అంశం ఇంకా విలువైనది. గుంపులో ఒక్కడు, ఒకే ఒక్కడు, సరైన జవాబు చెప్పినప్పుడు తక్కినవారిని అనుసరించే తప్పులు సుమారు అయిదు శాతానికి పడిపోయాయి.

గుంపు ప్రభావం నాలుక చివరనే ఆగిపోదు, జ్ఞాపకంలోనికే దిగిపోతుంది. బ్రిటన్‌లో ఫియోనా గాబర్ట్ బృందం 2003లో ప్రకటించిన పరిశోధనలో ఇద్దరిద్దరికి ఒకే సంఘటనను వేర్వేరు కోణాల నుంచి తీసిన చిత్రాలు చూపించారు. తాము చూసినది ఒకే చిత్రమని వారి నమ్మకం. చూసినదాని గురించి ఇద్దరినీ మాట్లాడుకోనిచ్చిన పిమ్మట ఎవరికి వారే వివరాలు చెప్పాలి. అలా మాట్లాడుకున్నవారిలో 71 శాతం మంది, తమకు కనిపించే అవకాశమే లేని వివరాలను, ఎదుటివారి నోట విన్నవాటిని, తాము చూసినట్టు చెప్పారు. ఊరి రచ్చబండ మీద నలుగురూ ఒక దొమ్మీ గురించి మాట్లాడుకున్న తరువాత ఇచ్చే నాలుగు వాంగ్మూలాలు పొందికగా ఉండటం వాటి సత్యానికి నిదర్శనం కాకపోవచ్చు. ఒకే వాంగ్మూలం నాలుగు గొంతులతో పలుకుతూ ఉండవచ్చు.

ఈ విషయాన్ని ప్రయోగశాలకు వెలుపల, జనసామాన్యం నడుమ పరిశీలించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి భారతదేశంలోనే జరిగింది. 1934 జనవరి 15 మధ్యాహ్నం ఉత్తర బీహారునూ నేపాలునూ మహాభూకంపం కుదిపివేసింది. ముంగేరు, ముజఫర్‌పూర్ పట్టణాలు కూలిపోయాయి, ఖాట్మండు లోయ దెబ్బతిన్నది. మృతులు పది వేలకు పైబడ్డారు. ఆ రోజుల్లో జనం నోట వినిపించిన వదంతులను జమునాప్రసాద్ సేకరించి, 1935లో బ్రిటిష్ మనస్తత్వశాస్త్ర పత్రికలో విశ్లేషించాడు. భూమి కంపించిన వేళ గంగ నీరు అదృశ్యమై, స్నానం చేస్తున్నవారు ఇసుకలో కూరుకుపోయారని ఒక వదంతి. నేపాలు సరిహద్దు నుంచి మధుబని వైపు వరద దూసుకొస్తున్నదని మరొకటి. చంద్రగ్రహణం నాడు మళ్లీ భూకంపం తప్పదనీ, ఫిబ్రవరి 26న ప్రళయం రానున్నదనీ ఇంకొన్ని. గోరంత కొండంత కావడం మాత్రమే ఇక్కడి విశేషం కాదు. ప్రకంపనలు తీవ్రంగా తెలిసినా కళ్ల ఎదుట వినాశం కనిపించని ప్రాంతాల్లో ఈ భయానక వదంతులు వ్యాపించాయి.

రెండు దశాబ్దాల తరువాత అమెరికా మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్‌ను ఆలోచింపజేసినది ఈ అంశమే. అసలే భయపడి ఉన్న జనం మరింత భయం కలిగించే మాటలను ఎందుకు నమ్మారు? గుండెలో భయం మిగిలి ఉంది, దానికి తగిన కారణం కంటికి కనిపించడం లేదు. ఆ పొందికలేమిని మనసు భరించలేక, భయానికి తగిన కారణాన్ని వదంతి రూపంలో సమకూర్చుకున్నదని ఆయన భావించాడు. 1957లో వెలువడిన ఆయన సిద్ధాంతగ్రంథానికి ఈ బీహారు వదంతులు ఒక ప్రేరణ. దీనికి పోల్చదగిన అధ్యయనం దుర్గానంద్ సిన్హా చేశాడు. 1950లో డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడినప్పటి వదంతులను ఆయన 1952లో వివరించాడు. వినాశాన్ని కళ్లారా చూసిన అక్కడి జనం నడుమ రాబోయే మహోపద్రవాలను చాటే వదంతులు అంతగా లేవు. చూసినవానికి భయం ఉంది, కారణమూ ఉంది. కల్పనతో పనిలేదు.

జ్ఞాపకమైనా వదంతి అయినా పొందికను కోరుతుందని దీని వల్ల తెలుస్తుంది. మనసుకు సత్యం కంటె పొందిక ముందు అవసరం. ఆ పొందికను పామరుల వదంతి మాత్రమే సమకూర్చదు, మహాపురుషుల మాట కూడా సమకూర్చవచ్చు. బీహారు భూకంపం అస్పృశ్యత అనే పాపానికి దైవం విధించిన శిక్ష అని గాంధీజీ అప్పుడు ప్రకటించారు. హరిజనోద్ధరణ యాత్రలో దక్షిణాదిని పర్యటిస్తున్న ఆయన నోట ఆ మాట వెలువడగానే, దానిని ప్రశ్నించే సాహసం చాలామందికి కలగలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ ప్రశ్నించారు. అస్పృశ్యత ఘోరమైనదన్న విషయంలో ఆయనకు గాంధీజీతో భేదం లేదు. భౌతిక సంఘటనలకు భౌతిక కారణాలే ఉంటాయనీ, ప్రకృతి ఉత్పాతాన్ని నైతిక దోషంతో ముడిపెట్టడం జనంలోని అవివేకాన్ని పెంచుతుందనీ ఆయన వాదించారు. గాంధీజీ తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. కాని ఠాగూర్ ఖండనను 1934 ఫిబ్రవరిలో తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రచురించి, పక్కన తన సమాధానాన్ని ఉంచారు. యాష్ ప్రయోగంలోని ఆ ఒక్క గొంతు ఎంత విలువైనదో తలచుకుంటే, ఈ వాదంలో ఎవరిది పైచేయి అన్న ప్రశ్న కంటె, భిన్నమైన గొంతుకు తన ఇంటనే పీట వేసిన తీరు ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ప్రభావం గలవాడి సత్యనిష్ఠకు అదొక కొలమానం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఇవన్నీ బలహీనుల విషయాలనీ, దృఢమైన వ్యక్తిత్వం గలవాడు గుంపుకూ సూచనకూ లొంగడనీ కొందరంటారు. వ్యక్తిత్వం గురించిన పరిశోధన ఈ ధీమాను సమర్థించదు. హార్ట్‌షార్న్, మే అనే అమెరికా పరిశోధకులు వేలాది పాఠశాల బాలబాలికలను పరీక్షించి 1928లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నిజాయితీ అన్ని సందర్భాల్లోనూ ఒకే విధంగా వెలువడే గుణం కాదు. పరీక్షలో చూసి రాయని పిల్లవాడు ఆటలో మోసం చేయవచ్చు. 1968లో వాల్టర్ మిషెల్ ఈ ధోరణిని మరింత విస్తరించి, మనిషి వర్తనలో గుణానికి ఎంత పాత్ర ఉందో పరిస్థితికీ అంత గణనీయమైన పాత్ర ఉందని వాదించాడు. తరువాతి పరిశోధకులు గుణానికి కొంత స్థానం తిరిగి ఇచ్చినప్పటికీ, మంచివాడు ఎక్కడైనా మంచివాడే అన్న సులభమైన నమ్మకానికి పూర్వపు బలం రాలేదు.

పైగా తాను ఎటువంటివాడో మనిషికి తెలిపేది కూడా స్మృతే. ఆ స్మృతి అతని పక్షపాతి. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ 1980లో రాసిన ఒక వ్యాసంలో మనిషి అహాన్ని నిరంకుశ ప్రభుత్వంతో పోల్చాడు. అటువంటి ప్రభుత్వం ఎలా తన చరిత్రను తనకు అనుకూలంగా తిరగరాసుకుంటుందో, అహం కూడా గతాన్ని అలాగే సవరించుకుంటుందని ఆయన ప్రతిపాదన. విజయంలో తన పాత్ర పెరుగుతుంది, వైఫల్యంలో ఇతరుల పాత్ర పెరుగుతుంది. సంతకం చేసిన దస్త్రం తన అభ్యంతరాన్ని తోసిపుచ్చి వెళ్లినదని ఉద్యోగికి ఏళ్లు గడిచాక జ్ఞాపకం రావచ్చు. దస్త్రం తెరిస్తే అభ్యంతరం కనిపించదు. అతడు అబద్ధమాడటం లేదు. కాళిదాసు దుష్యంతుని వలె అతనికీ నిజంగానే గుర్తులేదు. అందువల్ల నిజాయితీపరుణ్నన్న ఆత్మవిశ్వాసమే ఒక్కొక్కప్పుడు అసత్యానికి రక్షణకవచం అవుతుంది.

అయితే ఈ పరిజ్ఞానమంతా ఒక ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. జ్ఞాపకం నమ్మదగినది కాదన్న మాట బలవంతుని చేతిలో ఆయుధం కాగలదు. దస్త్రం, ముద్ర, రసీదు ఉన్నవాడికి స్మృతితో పనిలేదు. అవి లేని పేదకు స్మృతి ఒక్కటే ఆస్తి. 1947 దేశవిభజనలో అపహరణకు గురైన స్త్రీల పునరుద్ధరణకై చట్టాలు వచ్చాయి, సంఖ్యలు నమోదయ్యాయి. ఆ స్త్రీలు ఏమనుకున్నారో మాత్రం దస్త్రాల్లో దాదాపు లేదు. ఊర్వశీ బుటాలియా, అలాగే రీతూ మేనన్, కమలా భాసిన్ 1998లో వెలువరించిన గ్రంథాల్లో ఆ గొంతులు వినిపించాయంటే, అర్ధశతాబ్దం తరువాత మిగిలిన జ్ఞాపకాల నుంచే. తేదీ తప్పిందనో, ఊరి పేరు మారిందనో వాటిని తోసిపుచ్చితే చరిత్రలో మిగిలేది పాలకుల కంఠం ఒక్కటే.

భారత న్యాయవ్యవస్థ ఈ రెండు అంచుల నడుమ దారి వెతికింది. గుజరాత్‌లో బాలికలపై జరిగిన నేరానికి సంబంధించిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు 1983లో ఇచ్చిన తీర్పు ప్రసిద్ధమైనది. సాక్షి మనసు వీడియో టేపు కాదనీ, ఆకస్మిక ఘటనలో చిక్కినవారు అన్ని వివరాలూ గ్రహించలేరనీ, కాలపరిమాణం చెప్పడంలోనూ సంభాషణను యథాతథంగా వల్లించడంలోనూ తేడాలు సహజమనీ, న్యాయస్థాన వాతావరణమే సాక్షిని తికమకపెడుతుందనీ అందులో వివరించింది. కనుక మూలాన్ని తాకని చిన్న వ్యత్యాసాలను పట్టుకొని సాక్ష్యాన్ని కొట్టివేయరాదని చెప్పింది. జ్ఞాపకం బలహీనమైనదన్న ఎరుకను ఇక్కడ న్యాయస్థానం బాధితుల పక్షాన ఉపయోగించింది.

ఆ ఎరుకే నిందితునికీ రక్షణ కావాలి. అమెరికాలోని ఉత్తర కెరొలైనాలో 1984లో అత్యాచారానికి గురైన ఒక విద్యార్థిని, ఆ ఘోరం జరుగుతున్నంతసేపూ దుండగుని ముఖాన్ని పట్టుదలగా గమనించింది. ఫొటోల్లో ఒకణ్ని గుర్తించింది. తరువాత ఎదుట నిలబెట్టినవారిలోనూ అతణ్నే చూపింది. అధికారులు ఆమె ఎంపికను బలపరచగా సందేహం నిశ్చయమైంది. అతడు పదేళ్లకు పైగా జైలులో గడిపాడు. 1995లో డి.ఎన్.ఏ. పరీక్ష అతడు నిర్దోషి అని, మరొకడు దోషి అని తేల్చింది. ఆమె అబద్ధమాడలేదు. ఫొటోలో చూసిన ముఖం అసలు ముఖం స్థానంలో కూర్చున్నది. ఇటువంటి ప్రమాదాన్ని ఎరిగినందువల్లనే భారతీయ న్యాయస్థానాలు గుర్తింపు పెరేడ్‌ను స్వతంత్ర సాక్ష్యంగా కాక, ఇతర సాక్ష్యాన్ని బలపరిచేదిగా మాత్రమే పరిగణిస్తున్నాయి. సంఘటన జరిగిన వెంటనే తాను రాసుకున్న కాగితాన్ని చూసి సాక్షి జ్ఞాపకం తెచ్చుకోవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టం అనుమతించింది. 2024 జులై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ వీలును నిలిపింది. నాటి రాత నేటి నిశ్చయం కంటె నమ్మదగినదన్న వివేకం అందులో ఉన్నది.

కనుక జ్ఞాపకాన్ని గుడ్డిగా నమ్మడమూ ధర్మం కాదు, తృణీకరించడమూ ధర్మం కాదు. మరి చిత్తశుద్ధితో పొరపడినవాని బాధ్యత ఏమిటి? న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ‘ఆప్తుడు’ అనే పదానికి చెప్పిన లక్షణం ఈ చోట దారి చూపుతుంది. విషయాన్ని స్వయంగా, సాక్షాత్తుగా ఎరిగినవాడై, ఎరిగినదానిని ఎరిగినట్టే తెలియజేయగోరేవాడు ఆప్తుడు. ఇందులో రెండు షరతులున్నాయి. చెప్పాలన్న శుద్ధమైన కోరిక ఒకటి, చెప్పేదానిని నిజంగా ఎరిగి ఉండటం మరొకటి. లోకం మొదటిదానినే సత్యనిష్ఠ అంటుంది. రెండోదానిని పరీక్షించుకోవడం కూడా సత్యనిష్ఠలో భాగమేనన్నది మరచిపోతుంది. మరుపు దోషం కాదు. మరచిపోయి ఉండవచ్చునన్న శంకకు తావివ్వని నిశ్చయం దోషం.

ఈ దృష్టితో చూస్తే సత్యనిష్ఠ ఒక గుణం అనడం కంటె ఒక అభ్యాసం అనడం సమంజసం. చూసినది ఏది, విన్నది ఏది, ఊహించినది ఏది అని మాట్లాడే ముందు వేరుచేసుకోవడం దానిలో మొదటి మెట్టు. పదిమందితో చర్చించక ముందే రాసిపెట్టుకోవడం రెండోది. గుర్తులేనప్పుడు గుర్తులేదని చెప్పడానికి సిగ్గుపడకపోవడం మూడోది. అన్నిటికంటె కష్టమైనది, తన జ్ఞాపకానికి విరుద్ధంగా పలికే గొంతును శత్రువుగా చూడకపోవడం. ఈ అభ్యాసం చెప్పేవానికే పరిమితం కాదు. అడిగేవాని ప్రశ్న చెప్పేవాని స్మృతిని మలచగలదని తేలిన తరువాత, ఆ బాధ్యతలో అతనికీ పాలున్నది. విచారణాధికారి జవాబును ప్రశ్నలోనే ఇమిడ్చి అడిగినా, సాక్షులను ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించినా, తనకు నచ్చిన జవాబు వచ్చినప్పుడు తల ఊపినా, పుట్టే అసత్యానికి అతడు సహకర్త. అధికారం ఎంత పెద్దదైతే ఈ బాధ్యత అంత బరువైనది, ఎందుకంటే పెద్ద అధికారి తల ఊపు పదిమంది సాక్షుల మాటకు సమానం.

తిరిగి కాళిదాసు సభకు వస్తే, దుష్యంతుని దోషం ఇప్పుడు స్పష్టపడుతుంది. శాపం వల్ల కలిగిన మరుపుకు అతడు బాధ్యుడు కాడు. ఉంగరం కనిపించని శకుంతల, లేడికూన ఒకటి రాజు చేతి నీటిని తాగక తన చేతి నీటిని తాగిన ముచ్చటను చెబుతుంది. అంత చిన్న, అంత అనవసరమైన వివరాన్ని కల్పించి చెప్పేవారు అరుదు. అతడు ఆ వివరాన్ని విచారించడు, స్త్రీల సహజ కపటమని పరిహసిస్తాడు. అంతకు కొంచెం ముందే హంసపదిక పాట విని, కారణం తెలియని బెంగ ఒకటి తన మనసును కదిలించిందని అతనికే తెలుసు. లోపల ఏదో మరుగున పడి ఉన్నదన్న ఆ సూచనను అతడు పట్టించుకోలేదు. తనకు గుర్తులేదు కనుక జరగలేదని నిశ్చయించాడు. గుర్తులేకపోవడానికీ జరగకపోవడానికీ ఉన్న దూరమే ఇక్కడ ధర్మాధర్మాల నడుమ ఉన్న దూరం.

ఆ సభలో వివేకం చూపినవాడు రాజపురోహితుడు. రాజు మరచి ఉండవచ్చు, ఆమె అబద్ధం చెబుతూ ఉండవచ్చు. ఏది నిజమో నిర్ణయించే ఆధారం అప్పుడు లేదు. కనుక ప్రసవం వరకు ఆమెను తన ఇంట ఉంచుతాననీ, పుట్టే బిడ్డకు చక్రవర్తి లక్షణాలుంటే స్వీకరించవచ్చుననీ, లేకుంటే తండ్రి వద్దకు పంపవచ్చుననీ అతడు సూచిస్తాడు. ఎవరి మాటనూ అసత్యమనలేదు, ఎవరి మాటనూ సత్యమని తీర్పు చెప్పలేదు. ఆధారం దొరికే వరకు నిర్ణయాన్ని ఆపి, ఆ లోపల ఆమెకు నీడ కల్పించాడు. కథ అతని సూచనను అమలు కానివ్వలేదు, ఒక జ్యోతి వచ్చి శకుంతలను తీసుకుపోయింది. ఉంగరం చేపకడుపు నుంచి బయటపడి రాజుకు స్మృతి కలిగేసరికి పశ్చాత్తాపం తప్ప అతనికి ఏమీ మిగలలేదు. ప్రతి మరుపుకూ ఒక ఉంగరం దొరకదు. దొరకని చోట్ల, పురోహితుడు చూపిన ఆ ఓర్పే మనిషికి సత్యం పట్ల ఉండవలసిన విధేయత.